పదమూడో పత్తా

ఉర్దూలో మనిషి చచ్చిపోడు. కనీసం మా ఇళ్ళల్లో చచ్చిపోడు. "మర్ గయా" అనే మాట పశువులకీ, సినిమాల్లో విలన్లకీ. ఇంట్లో మనిషికైతే ఇంతెఖాల్ అవుతుంది, వఫాత్ అవుతుంది. పీర్ సాబ్ అయితే విసాల్. ఏదీ నోటికి రాకపోతే "గుజర్ గయే", దాటిపోయారు. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, తెలుగు పేపరు డెస్కులో కూర్చున్నాక చూస్తే అక్కడా ఇదే తంతు. అక్కడా ఎవరూ చావరు. కన్నుమూస్తారు, తుదిశ్వాస విడుస్తారు, మరీ పెద్దవాళ్ళయితే అస్తమిస్తారు.

ఇంతెఖాల్ అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం. పహాణీ నకలు కావాలని అడుగుతామే, ఆ నకలూ ఈ ఇంతెఖాలూ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. విసాల్‌కి చుట్టం మన వసూలు. చేరాల్సింది చేరడం. మొహమాటం లేని మాట ఒక్క రెవెన్యూ ఆఫీసులోనే మిగిలింది, ఫౌతీ. ఫౌత్ అంటే చేజారిపోవడం. వేళ దాటిపోతే నమాజ్ ఫౌత్ అయిందంటాం. తెలంగాణ పల్లెల్లో ఉర్దూ ముక్క రాని రైతు కూడా తహసీల్ ఆఫీసు గుమ్మంలో నిలబడి "మా నాయిన పేరు మీది భూమి ఫౌతీ జెయ్యాలె సార్" అంటాడు.

ఈ మాటల గొడవంతా ఎందుకంటే, మా బాజీ కూతురు నాకొక తస్వీర్ పంపింది.

దుల్హేభాయ్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పిల్ల గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఆఫీసులో ఒక దోస్తుకి టారో కార్డుల సరదా. లంచ్ టైములో ఒక పత్తా తియ్యమంటే ఇది తీసింది. పదమూడో నంబరు. కింద ఇంగ్లీషులో డెత్ అని ఉంది. పిల్ల మొహం చూసి ఆ అమ్మాయి గాభరాపడి, ఇది వస్తే చావు అని కాదు, మార్పు అని, పాతది పోయి కొత్తది మొదలవుతుందని చెప్పిందట. పాపం ఆమె తప్పేం లేదు. ఈ కార్డు గురించి ఇప్పుడు ఎవర్నడిగినా ముందు చెప్పేది అదే. ఫోటో కింద పిల్ల ఒక్క వాక్యం రాసింది.

"మామూ, అబ్బా చనిపోలేదట, ట్రాన్స్‌ఫార్మ్ అయ్యారట."

ఎగతాళో ఏడుపో అర్థం కాలేదు.

ఫాల్ చూడటం హరాం అని చెప్పి ఊరుకోవచ్చు. రేపటి సంగతి అల్లాహ్‌కి తప్ప ఎవరికీ తెలీదన్నది నా యఖీన్ కూడా. కానీ ఈ అలవాటు ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిందన్నట్టు మాట్లాడలేను. పట్నాలోని ఖుదాబఖ్ష్ లైబ్రరీలో హాఫిజ్ దీవాన్ ప్రతి ఒకటుంది. హుమాయూన్, జహంగీర్ అందులో ఫాల్ తీసి అంచుల్లో తమ చేత్తో రాసుకున్నారు. అంతదూరం ఎందుకు, మన గోల్కొండలోనే 1610-30 మధ్య ఒక ఫాల్‌నామా తయారైంది. పేజీ నిండా ఒక బొమ్మ, దానికి ఎదురుగా దాని మతలబ్. ఇప్పుడది ఖలీలీ కలెక్షన్‌లో ఉంది. ఆ మాటకొస్తే పేకముక్కలు యూరప్ చేరింది కూడా మమ్లూకుల ఈజిప్టు వైపు నుంచే. ఆ పేకలో రాజు కింద నాయబ్ ఉంటాడు. మన నాయబ్ తహసీల్దార్‌లో ఉన్న నాయబే. స్పెయిన్‌లో పేకముక్కని ఇప్పటికీ నాయిపే అంటారు. టారో కూడా 15వ శతాబ్దపు ఇటలీలో ఆటగానే పుట్టింది. జోస్యం దానికి 1780ల్లో ఫ్రాన్సులో అంటుకుంది.

అందుకని పిల్లకి ఫత్వా ఏమీ పంపలేదు. తస్వీర్ పెద్దది చేసి చూశాను.

1909లో లండన్‌లో అచ్చయిన పత్తాల్లోది ఇది. ఆర్థర్ వెయిట్ అనే ఆయన చెబితే పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. 78 బొమ్మలు గీసినా ఆమె చేతికొచ్చింది కొంచెమే. చాలా ఏళ్ళు ఆ పత్తాలకి ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు ఉండేవి గానీ ఆమె పేరు ఉండేది కాదు. 1951లో అప్పుల్లోనే పోయింది. బైలైన్ లేని బతుకు ఎలా ఉంటుందో డెస్కు మనుషులకి చెప్పక్కర్లేదు.

బొమ్మలో తెల్ల గుర్రం, దాని మీద నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం. చేతిలో ఆయుధం లేదు. అంతకు ముందరి ఇటలీ పత్తాల్లో మౌత్ చేతిలో విల్లు కనిపిస్తుంది. మార్సై పత్తాల్లో కొడవలి పట్టుకుని గడ్డి కోసినట్టు తలలూ చేతులూ కోస్తుంటుంది. స్మిత్ ఇక్కడ జెండా పెట్టింది. నల్ల జెండా, మధ్యలో తెల్ల గులాబీ. ఆ గులాబీ జీవితానికి గుర్తని వెయిట్ రాశాడు. సరే, రాసుకోనీండి. నా కళ్ళకి మాత్రం మొహర్రం కనిపించింది. దబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి అలం ఏనుగు మీద బయల్దేరితే జనం ఎలా పక్కకి జరుగుతారో చూసినవాడికి నల్ల జెండా అంటే భయం పుట్టదు. అది చంపడానికి వచ్చేది కాదు. గమ్ వస్తోంది, దారి వదలండి అని చెప్పేది.

గుర్రం కాళ్ళ దగ్గర రాజు వెల్లకిలా పడున్నాడు. కిరీటం దొర్లిపోయింది. బంగారు రంగు అంగీ వేసుకున్న బిషప్ ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. మోకాళ్ళ మీదున్న ఒక అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె పక్కనే చిన్న పిల్లాడు. వాడొక్కడే గుర్రం వైపు తలెత్తి చూస్తున్నాడు.

వెనకాల నది, పడవ, దూరంగా రెండు బురుజులు, వాటి నడుమ సూర్యుడు. మార్పు, మార్పు అనేవాళ్ళంతా ఉరుక్కుంటూ పోయి ఆ సూర్యుడి దగ్గర నిలబడతారు. నాకు నచ్చనిది అక్కడే. ఆ సూర్యుడు ఒక మూలన గోరంత ఉన్నాడు. గుర్రం పత్తా నిండా ఉంది. ఆ వెలుగు దాకా పోవాలంటే రాజు మయ్యత్ పక్క నుంచే పోవాలి, వేరే రస్తా గీయలేదు ఆమె.

మార్సై పత్తాలు చేసినవాళ్ళు ఇంకో పని చేశారు. మిగతా పెద్ద బొమ్మలకి పేర్లు రాసి, పదమూడోదానికి మాత్రం తరచూ ఏమీ రాయకుండా వదిలేశారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని పేరులేని పత్తా అనే పిలుస్తారు. అచ్చం మా ఖాందాన్ లాగే.

చాలాసేపు చూశాక లెక్క తేలింది. బొమ్మలో మనుషులు నలుగురు. పోయింది ఒక్కడే. ముగ్గురు బతికున్నారు. రాజుకి ఏ మార్పూ లేదు, అతని పని అయిపోయింది. మార్పంతా ఈ ముగ్గురిది. బతిమాలేవాడు ఒకడు, చూడలేనిది ఒకతె, చూస్తున్నవాడు ఒకడు. ఐసీయూ బయట మేమంతా అలాగే ఉన్నాం. దుల్హేభాయ్ పోయాక ఏం మారాయో లెక్కపెట్టాను. బ్యాంకు కాయితాలు. కరెంటు బిల్లు మీద పేరు. ఊళ్ళో రెండెకరాల ఫౌతీ. బాజీ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. ఒక్కటి కూడా ఆయనకి జరిగింది కాదు.

రాత్రి ఫోన్ చేశాను. "మౌత్ హుయీ బేటా. అబ్బా కీ మౌత్ హుయీ. బదల్నా హమారా హై." చావే జరిగింది బిడ్డా, మారడం మన వంతు. ఆ మాట మా ఇంట్లో అంత సాఫ్‌గా ఎవరూ అనలేదు, జనాజా రోజు కూడా. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడ్చింది. నేను ఫోన్ పెట్టలేదు.

ఈద్‌కి అందరం కలిసినప్పుడు పిల్ల ఆ ఫోటో వాళ్ళమ్మకి చూపించేసింది. ఇక తుఫానే అనుకున్నాను. బాజీ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఏం పత్తా అని అడగలేదు, ఎక్కడిదని అడగలేదు. మొహం తిప్పుకున్న ఆ అమ్మాయి మీద వేలు పెట్టి, "ఇస్కు కిత్తే దినాం హుయే?" అంది.

ఈమెకి ఎన్ని రోజులైంది, అని.