పురానాపూల్ మీద ఒక ఉదయం

హైదరాబాదు చూడవచ్చిన మిత్రులను చార్మినారు దగ్గర నిలబెట్టి, 1591 అని చెప్పి, చాయ్ తాగించి వెనక్కు తీసుకురావడం నా అలవాటు. పాఠాలు చెప్పేవాళ్ల జబ్బు ఇది. మొన్న ఒక్కణ్ణే పురానాపూల్ దాకా నడిచాను.

పాత ప్రాకారానికి మిగిలిన రెండు దర్వాజాల్లో ఒకటి అక్కడుంది, రెండోది దబీర్‌పురాలో. దర్వాజా దాటితే వంతెన. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించినది. యువరాజు ప్రేయసి కోసం మూసీ వరదలోకి గుర్రాన్ని దూకించాడనీ, తండ్రి హడలిపోయి వంతెన కట్టించాడనీ కథ. విద్యార్థులకు నేనూ చెప్పాను. లెక్క చూస్తే అప్పటికి యువరాజుకు పన్నెండు, పదమూడేళ్లు! అవతలి ఒడ్డున కార్వాన్ ఉంది. వజ్రాల బేరం, బిడారుల మజిలీ. గోలకొండ సరుకు మచిలీపట్నం రేవుకు చేరాలి, ఏరు పొంగినా చేరాలి. వంతెన అవసరపడింది ఆ సరుకుకే. ప్రేమకథ తర్వాత వచ్చి కూర్చుంది. రాయి మోసినవాడు ఏ కథలోనూ లేడు.

వంతెన మీద వాహనాలు లేవు, కూరగాయల గోనెపట్టాలున్నాయి. పిట్టగోడ మీద వంగి కమానులు లెక్కపెడుతున్నాను.

"కొంటవా సారూ, అడ్డం నిలబడ్తవా?" అంది ఒక ముసలమ్మ.

సిగ్గుపడి తోటకూర కొన్నాను. వంతెన ఎన్నాళ్లదో తెలుసా అని అడిగాను, బుద్ధి పోనిచ్చుకోక.

"నాకేం ఎర్క? మా అత్త గూడ గీడనే అమ్మింది." చిల్లర లెక్కపెడుతూ ఆగింది. "మమ్ముల లేపుతరంట. పేపర్ల రాసిండ్రా సారూ?"

నేను రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను. ఆ ముక్క ఎక్కడైనా ఉందేమో, గుర్తుకు రాలేదు.