పేరులోనే ఉంది ఆపరేషన్

మా వదినకి గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలన్నారు. ఆవిడ వయసు 41. సంతకం కోసం ఇచ్చిన కాగితంలో ఆపరేషన్ పేరు ఒక లైను నిండా ఉంది: హిస్టరెక్టమీ విత్ బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ. అన్నయ్య పెన్ను తీశాడు. ఆగమన్నాను.

పేరు చూసి హడలిపోనక్కర్లేదు, ముక్కలు విడదీస్తే చాలు. ‘ఎక్టమీ’ గ్రీకు మాట, కోసి తీసేయడం. అపెండిసెక్టమీలోనూ అదే. ‘హిస్టర్’ గర్భసంచి. ‘సాల్పింక్స్’ అంటే బాకా. ట్యూబులు ఆ ఆకారంలో ఉంటాయని ఆ పేరు. ‘ఊఫర్’ అంటే గుడ్డును మోసేది, అండాశయం. ఆ ‘ఫర్’, మన ‘భరించడం’ ఒకే తల్లి పిల్లలు. లాటిన్ ‘బై’ మన ‘ద్వి’కి చుట్టం. ‘లేటరల్’ అంటే పక్క. అంటే గర్భసంచితో పాటు రెండు పక్కలా ట్యూబులూ, అండాశయాలూ కూడా!

అన్నట్టు, హిస్టీరియా పుట్టింది కూడా ఈ ‘హిస్టర్’ నుంచే. ఆడవాళ్ల కోపానికీ ఏడుపుకీ గర్భసంచే కారణమనుకున్నారు పాతకాలం వైద్యులు. మగవాళ్ల కోపానికి ఏ పేరు పెట్టారో మరి.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది, అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. అవీ తీసేస్తే 41 ఏళ్లకే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఎముకల బలం తగ్గుతుంది. కొందరికి అవసరమై తీస్తారు, కాదనను. వదినకి ఎందుకో అడగమన్నాను.

డాక్టరమ్మ స్కాన్ మళ్ళీ చూశారు. “అండాశయాలు బాగున్నాయి, ఉంచేద్దాం” అని కాగితం మార్పించారు. ఈసారి చివరి మాట సాల్పింజెక్టమీ.

“బాకాలు పోతాయి, గుడ్లబుట్టలు ఉంటాయి, అంతేగా?” అని వదిన తనే సంతకం పెట్టింది.