కుర్చీ వెల

కలకత్తా నగరంలో కాఫీ దొరికే చోట్లు అనేకం ఉన్నవి. అయినా విశ్వవిద్యాలయ పరిసరాలలో ఒకరు “కాఫీకి పోదామా” అంటే, ఏ చోటికి అని రెండవవారు అడగరు. ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయానికి ఎదురుగా, పాత పుస్తకాల దుకాణాలను దాటి బంకించంద్ర చటర్జీ వీథిలోకి మళ్ళితే ఒక పాత భవనం కనిపిస్తుంది. అరిగిన మెట్లెక్కి పైకి పోగానే, ముందుగా మనుష్యుల మాటల హోరు, ఆ తరువాత సిగరెట్టు పొగతో కాలక్రమాన మాసిన ఎత్తయిన గోడలు, పొడవైన కాడలకు వ్రేలాడే పంకాలు, రవీంద్రుని పెద్ద చిత్రపటం ఎదురవుతవి. దీనినే కాఫీ హౌసు అంటారు.

ఈ చోటికి కాఫీ రాకముందే మాటలు వచ్చినవి. ఇది పూర్వం ఆల్బర్టు హాలు. సురేంద్రనాథ బెనర్జీ, ఆనందమోహన బోసు ప్రభృతులు 1876లో భారత సభను స్థాపించినది ఇక్కడనే. 1942లో కాఫీ బోర్డువారు ఇక్కడ కాఫీశాల తెరిచారు. తేనీటికి అలవాటుపడిన వంగదేశంలో కాఫీకి ఆదరణ కల్పించవలెనని వారి ఆశయం. వంగీయులు తేనీటిని విడువలేదు గాని, కూర్చొని మాట్లాడుకొనుటకు ఒక చోటు దొరికినందుకు పరమానందం చెందారు. 1953లో వెలువడిన ‘కృత్తిబాస్’ పత్రిక కవులకు ఇది రెండవ ఇల్లు. 1983లో మన్నా డే పాడిన పాట తరువాత, దీని మెట్లెక్కనివారికి కూడ దీని పేరు తెలిసింది.

ఇటీవల ఒక శీతకాలపు మధ్యాహ్నం, డెబ్బది యేళ్ళు దాటిన ఒక విశ్రాంత అధ్యాపకుడు, ప్రెసిడెన్సీలో అర్థశాస్త్రం చదువుతున్న తన మనుమరాలితో ఇక్కడికి వచ్చాడు. ఒక గోడవార కుర్చీలు ఖాళీ అయ్యేవరకు వారు నిలువవలసి వచ్చింది. తెల్లని దుస్తులు, కుచ్చు తలపాగా ధరించిన సర్వరు వచ్చి నిలుచున్నాడు. ముసలాయన ఏమియు ఆలోచింపక “రెండు ఇన్ఫ్యూషన్లు” అన్నాడు. పాలు లేని నల్లని కాఫీకి ఇక్కడ ఆ పేరు. ఏబది యేళ్ళకు పైగా ఆయన ఆ మాట పలుకలేదు; అయినను అది నాలుక మీదనే ఉన్నది.

కప్పులు వచ్చిన తరువాత ఆయనకు ఉత్సాహం కలిగింది. 1971, 72 ప్రాంతాల తాము నలుగురు మిత్రులు ఇక్కడ కూర్చొన్న విధం చెప్పుకొచ్చాడు. నలుగురికి రెండు కప్పులు; ఆ రెండు కప్పులతో నాలుగు గంటలు. క్రింద వీథిలో బాంబులు పేలిన రోజులవి. పైన మాత్రం కవిత్వము, విప్లవము, ప్రేమ వ్యవహారాలు ఏకకాలమున చర్చకు వచ్చేవి. “మమ్ములను లెమ్మని ఎవరూ ఒక్కనాడు అనలేదమ్మా. ఆ సర్వర్లది అంతటి మంచి మనసు. మా చదువులో సగం ఇక్కడనే సాగింది. కళాశాలకు జీతం కట్టాము, ఇక్కడ మాత్రం ఉచితం,” అన్నాడు.

మనుమరాలు కప్పు దించి, “ఎవరికి ఉచితం తాతయ్యా?” అని అడిగింది.

ఆయనకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. కాఫీ బోర్డు తన కాఫీశాలలను మూసివేయ నిశ్చయించినప్పుడు, పని పోగొట్టుకోనున్న కార్మికులు ఏ.కే. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడినారు. మొదటి సంఘం 1957లో బెంగుళూరులో పుట్టింది. ఈ హాలు 1958లో మూతపడి, అధ్యాపకుల విన్నపం మీద ఆ సంవత్సరమే తిరిగి తెరచుకొన్నది. నాటి నుండి దీనిని నడిపేది కార్మికుల సంఘమే. “ఇక్కడ వేరే యజమాని లేడు. కాఫీ తెచ్చి ఇచ్చినవాడే యజమాని. మీరు రెండు కప్పులతో నాలుగు గంటలు కూర్చొంటే, ఆ బల్ల మీద రావలసిన రాబడి తగ్గినది ఆయనకే గదా?”

ముసలాయన వెంటనే మాట్లాడలేదు. ఆయనకు ఒక వానాకాలపు సాయంత్రం జ్ఞాపకం వచ్చింది. ఊళ్ళో అల్లర్లు, ట్రాములు నిలిచిపోయినవి. మిత్రులెవరూ రాలేదు. జేబులో పైసా లేక ఒంటరిగా కూర్చొన్న కుర్రవాని ముందు, నడివయసు సర్వరు ఒక ఇన్ఫ్యూషన్ తెచ్చి పెట్టి, “రేపు ఇవ్వవచ్చులే బాబూ” అన్నాడు. ఆ రేపు రాలేదు. పరీక్షలు, తండ్రి మరణం, దూరపు జిల్లాలో ఉద్యోగం వరుసగా మీద పడినవి. ఆ కప్పు డబ్బు ఎవరు చెల్లించారో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఆ సర్వరు పేరు కూడ అడిగి ఎరుగడు. అన్నాళ్ళూ “దాదా” అని పిలిచాడు. ఆ పిలుపు చాలునని అనుకొన్నాడు.

బిల్లు వచ్చినప్పుడు ఆయన అందులోని మొత్తం కంటె చాలా ఎక్కువ పళ్ళెంలో ఉంచి, ఇది ఒక పాత కప్పు బాకీ అని సర్వరుతో చెప్పబోయాడు. ఆ యువకుడు ఓపికగా విన్నాడు. తరువాత, “అప్పటికి మా నాన్న కూడ పనిలో చేరలేదు బాబూ. దానికి బిల్లు ఏ పేరుతో వ్రాయమంటారు?” అని నవ్వి, కావలసినంత తీసుకొని, తక్కినది ఆయన చేతిలోనే పెట్టాడు.

వృద్ధుడు ఆ నోట్లను పట్టుకొని క్షణకాలం అట్లే కూర్చొన్నాడు. చెప్పవలసిన కథలు ఇంకను మిగిలి ఉన్నవి. మనుమరాలికి కూడ వినే తీరిక ఉన్నది. కాని బల్ల ప్రక్కన భుజాలకు సంచులు తగిలించుకొన్న విద్యార్థులు ముగ్గురు, తమ చూపు కుర్చీల మీద లేనట్లు నటిస్తూ, చాల సేపటి నుండి నిలిచి ఉన్నారు. ఆయన బల్ల అంచు పట్టుకొని లేచాడు.

ఇద్దరూ నాలుగడుగులు వేయకమునుపే ఆ ముగ్గురు కూర్చొన్నారు. రెండు కుర్చీలకు తోడు ఎక్కడనుండియో మూడవది కూడ వచ్చింది. వారిలో ఒకడు “ఒక ఇన్ఫ్యూషన్” అన్నాడు. సర్వరు తల ఊపి, ఎంగిలి కప్పులు తీసుకొని లోపలికి వెళ్ళాడు. మెట్ల దగ్గర ముసలాయన ఆగి, వెనుకకు తిరిగి, ఆ సర్వరు పేరేమో అడిగి రమ్మని మనుమరాలిని పంపాడు.