తమ్ముడు రాసి ఉంచిన చీటీ

ఇరవై ఏళ్లకు పైగా మదర్సాలో ఫరాయిజ్, అంటే వారసత్వ పంపకాల శాస్త్రం బోధిస్తున్నాను. మృతుని ఆస్తిలోంచి మొదట అంత్యక్రియల ఖర్చు, పిదప అప్పులు, ఆ పైన వీలునామా, చివరకు వారసుల వాటాలు. ఈ క్రమాన్ని ఎన్నోసార్లు నల్లబల్లపై రాశాను. నిరుడు ఆ లెక్క మా ఇంటికే వచ్చింది.

మా తమ్ముడు హైదరాబాదులో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలలో బాస్ గిటార్ వాయించి కుటుంబాన్ని పోషించాడు. ఆ వృత్తి నాకు సమ్మతం కాదు. ఆ మాట మెత్తగా చెప్పిన సందర్భాలు తక్కువ. అతని ఇంటికి వెళ్లినా ఆ వాద్యం ఉన్న గదిలో కూర్చునేవాణ్ణి కాను. జబ్బు చేసి అతను అల్లాహ్ సన్నిధికి చేరాక మిగిలింది భార్య, ఇద్దరు ఆడపిల్లలు, 1,48,000 రూపాయల అప్పు, ఆ గిటార్.

అది 1974 నాటి ఫెండర్ ప్రెసిషన్ బాస్. పూర్వం మంద్రస్వరం కావాలంటే మనిషికంటే ఎత్తైన డబుల్ బాస్‌ను నిలబెట్టి వాయించేవారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ఈ నాలుగు తీగల విద్యుత్ వాద్యాన్ని అమ్మకానికి తెచ్చాడు. పాతవాటికి నేడు మంచి గిరాకీ ఉంది. అయితే రంగు, తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్, మరలు అన్నీ తయారైననాటివే అయితేనే పూర్తి ధర. మళ్లీ రంగు వేయిస్తే ధర సగం దాకా పడిపోవచ్చు.

అసలు అమ్మవచ్చునా అన్న ప్రశ్న ముందుగా నన్ను పట్టుకుంది. వాద్యాల అమ్మకం ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో చెల్లుతుందని, ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల దృష్టిలో చెల్లదని హిదాయాలో చదివినవాణ్ణే. మా ముఫ్తీ సాహెబ్‌ను ఆశ్రయించాను. అప్పులవారి హక్కును, తండ్రిలేని పిల్లలను చూసి ఆయన అనుమతించారు. “నీ వాటా సంగతి నీ మనసునే అడుగు” అన్నారు.

ఫోటోలు చూసి బెంగళూరు యువకుడొకరు 2,80,000 ఇస్తానన్నాడు. బేరం కుదిర్చిన తమ్ముడి స్నేహితుడు, “మౌలానా సాబ్, అతను అడగనిదే మీరేమీ చెప్పకండి” అని సలహా ఇచ్చాడు. చెప్పడానికి నాకేం తెలుసు అనుకున్నాను.

ముందురోజు రాత్రి గిటార్ పెట్టె తుడుస్తుంటే లోపలి అరలో ఒక చీటీ దొరికింది. తమ్ముడి ఉర్దూ దస్తూరీ. రంగు తాను మళ్లీ వేయించాడట, పికప్ మార్పించాడట, పాతది పోయిందట. కింద, కొనేవారికి ఇవన్నీ చెప్పాలని రాసి ఉంది. జబ్బుపడ్డాక రాసుకున్నట్టుంది.

అప్పుడు నా మనసు చేసిన పని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. తల్లిదండ్రులు లేరు, మగపిల్లలు లేరు. ఇరవై నాలుగు భాగాలలో భార్యకు మూడు, కూతుళ్లకు పదహారు, మిగిలిన అయిదు నావి. ధర లక్ష తగ్గితే నా వంతుకు ఎంత నష్టమో వేళ్లు వాటంతటవే లెక్కించాయి. చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మదీనా బజారులో దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే అడుగున తడి తగిలింది. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ఆ రాత్రి తడి గింజలు నా జేబులోనే ఉన్నాయి.

ఉదయం చీటీ ఆ యువకుడి చేతికిచ్చి, చదివి వినిపించాను. అతను మరలు విప్పి చూసి, కాసేపు మౌనంగా ఉండి, 1,72,000 అన్నాడు. నేను తలుపు వైపు చూశాను. పరదా వెనకనుంచి మరదలు, “ఇచ్చేయండి భాయిజాన్. ఆయన రాసిందే కదా” అంది.

అప్పు తీరింది. మిగిలిన 24,000 భాగాలు చేశాను. నా అయిదు వేలు పిల్లలకే వదిలేశాను. అందులో నా గొప్పేమీ లేదు.

ఎవరి ధర్మనిష్ఠను నేను శంకిస్తూ వచ్చానో, అతనే పోతూ నన్ను మోసం నుంచి కాపాడాడు. అల్లాహ్ మా తమ్ముణ్ణి మన్నించుగాక, నన్నూ మన్నించుగాక. ఆ చీటీ నాకు కావాలనిపించింది. కానీ తర్వాత కొనేవారికీ అది అవసరమని ఆ యువకుడు అన్నాడు. పెట్టెలోనే ఉంచి పంపాను.