పరంగికొండయు, నాయనగారి గొలుసును

చెన్నపట్టణమునకు నైరృతిదిశను సుమారు 300 అడుగుల ఎత్తుగల చిన్నకొండ యొకటి కలదు. దానిని ఇంగ్లీషువారు సెయింట్ థామస్ మౌంటనియు, తమిళులు పరంగిమలై యనియు పిలుతురు. పోర్చుగీసువారు 1523లో కట్టించిన మేరీమాత దేవాలయమును దర్శించుటకే పెక్కుమంది ఆ మెట్లెక్కుచుందురు. మేము అక్కచెల్లెండ్రము మువ్వురము వేరొక కార్యార్థమై ఎక్కితిమి. భరతఖండమును సూక్ష్మముగా కొలిచిన మహాసర్వేకు తొలిగొలుసు పరచినది ఈ కొండపాదముననే. స్వర్గస్థులైన మా నాయనగారు ఆ తావును మాకు చూపవలెనని కడవరకు అనుచుండిరి.

1802వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన విలియం ల్యాంబ్టన్ అను సైనికోద్యోగి ఇచ్చట పని ప్రారంభించెను. ఇచ్చటినుండి పెరుంబాక్కము గుట్టవరకుగల ఏడున్నర మైళ్లదూరమును 100 అడుగుల ఉక్కుగొలుసుతో కొలిచిరి. గొలుసును నేలపై ఈడ్చినచో హెచ్చుతగ్గు లేర్పడును. కావున కొయ్యపెట్టెలలో పరచి, వానిని ముక్కాలిపీటలపై నిలిపిరి. ఎండకు ఉక్కు సాగును. కావున ప్రక్కనే ఉష్ణమాపకము లుంచి, వేడిమినిబట్టి లెక్కను సరిదిద్దిరి. ఇట్లు సుమారు 400 మారులు గొలుసు పరచుటకు 57 దినములు పట్టెను. నేడు కొండపైనుండి చూడగా మీనంబాక్కపు విమానములును, ఎడతెగని మేడలును కాన్పించినవే గాని, పెరుంబాక్కము గుట్ట మా కంటబడలేదు.

ఏడున్నర మైళ్లు కొలిచిన మాత్రమున దేశమంతయు కొలిచినట్లెట్లగును? చుక్కలముగ్గు వేయు మనకు ఇది తెలియరానిది కాదు. త్రికోణమున ఒక భుజము పొడవును, దాని రెండు కొనలయందలి కోణములును తెలిసినచో తక్కిన రెండు భుజములును లెక్కకు వచ్చును. ఆ భుజముపై మరియొక త్రికోణము, దానిపై వేరొకటి. ఇట్లు కొండనుండి కొండకు అల్లుకొనిపోయిన ముగ్గే హిమాలయములను చేరినది. 1852లో రాధానాథ్ సిక్దార్ అను వంగీయుడు ఎవరెస్టు శిఖరమే సర్వోన్నతమని లెక్కగట్టినది ఈ కొలతల ఆధారముననే.

ఆ ముగ్గునకైన శ్రమ సామాన్యము కాదు. కోణములు చూచు థియోడొలైటు అరటన్ను బరువు. 1808లో దానిని తంజావూరి దేవాలయగోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని వంగిపోయెను. ల్యాంబ్టన్ ఆరువారములు డేరాలో కూర్చుండి స్వహస్తములతో దానిని చక్కజేసెను. 1819లో మన కృష్ణాగోదావరుల నడిమి అడవులలో జార్జి ఎవరెస్టు విషజ్వరమున పడెను. యంత్రములు మోసి, చెట్లు నరికి, అట్టి జ్వరములకే బలియైన ఖలాసీల పేర్లు మాత్రము చరిత్రలో నిలువలేదు.

మా నాయనగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిరి. ఆ కళాశాలకు మూలము 1794లో కోటయందు నెలకొల్పిన సర్వేబడియే. పిదప వారు నాగార్జునసాగరపు కాలువల మట్టములు చూచు పనియందుండిరి. చెన్నపురికి వెళ్లినపుడెల్ల మూరుమార్కెట్టులో పాతసామానుల నడుమ వెదకి, ఇత్తడి థియోడొలైటులు, దిక్సూచులు, రసమట్టములు కొని తెచ్చెడివారు. 1985లో ఆ మార్కెట్టు దగ్ధమైనపుడు వారు ఆత్మబంధువును కోల్పోయినట్లు విచారించిరి. ఆ వస్తువులన్నిటిలో వారికి ప్రియమైనది తుప్పురంగుగల గంటరుగొలుసు. దాని పొడవు 66 అడుగులు, లింకులు 100. పదేసి లింకులకొక ఇత్తడి బిళ్ల వ్రేలాడుచుండును. వేయి చదరపులింకులైనచో ఒక సెంటు. అరగొలుసు పొడవు, అరగొలుసు వెడల్పుగల నేల తెలంగాణమునందలి గుంట. మన దస్తావేజులలోని అంకెలన్నియు ఆ యినుపముక్కలలో నున్నవి!

ఆ గొలుసు విలువ మా యింట ఒకమారు ప్రత్యక్షముగా తెలిసినది. మా అమ్మగారికి పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద అరయెకరము పొలమిచ్చిరి. పొడవు ఐదుగొలుసులు, వెడల్పు ఒక గొలుసు. ఏటేట ప్రక్కగట్టు కొంచెముకొంచెముగా లోనికి జరుగుచున్నదని ఆమె చెప్పినను, ఆడుదాని అనుమానమని బంధువులు నవ్విరి. నాయనగారు మాటాడక గొలుసు తెచ్చి, ఒక కొనను అమ్మగారి చేతికే ఇచ్చిరి. వెడల్పు 94 లింకులే తేలెను. తగ్గిన ఆరులింకులు నాలుగడుగులైనను నిండవు. కాని పొలము పొడవున మూడుసెంట్ల నేల! సర్కారు సర్వేయరు వచ్చి కొలతలపుస్తకముతో పోల్చి, హద్దురాయి నాటించెను. నాటినుండి అమ్మగారి మాటకు ఎవరును నవ్వలేదు.

నాయనగారు గతించిన పిమ్మట అలంకారవస్తువుల వర్తకుడొకడు వచ్చి, థియోడొలైటులకు మంచివెల యిచ్చెదనని, గొలుసు పాతయినుము క్రింద తూచి వేయుమనెను. మాలోను అభిప్రాయభేదములు కలిగినవి. వైద్యపు ఖర్చులకైన అప్పు ఇంకను తీరలేదు. అప్పుడు అమ్మగారు, "అప్పు నా పొలముపై వచ్చు శిస్తుతో తీర్చుకొందము. ఆ పొలమును నిలిపినది ఈ గొలుసే కదా!" అనిరి. పరంగికొండ దిగివచ్చిన వారముననే మేము సామగ్రినంతటిని విడదీయక, ఆడపిల్లలు సర్వే నేర్చుకొనుచున్న ఒక కళాశాలకు ఇచ్చివేసితిమి. గొలుసును గాజుబీరువాలో బంధింపక, ఏటికొకమారైనను పిల్లలచేత నేలపై పరపింపవలెనని మాత్రము కోరితిమి.

ఇప్పుడు ఉపగ్రహముల సాయమున నిమిషములలో పొలము కొలువబడుచున్నది. 2005 నాటి చట్టసవరణమువలన హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కూతురికిని కొడుకుతో సమానమైన హక్కు కలిగినది. అయినను కాగితముపైనున్న సెంటు నేలపై ఎంతయో ఎరుగనివారికి హక్కు చేతికందుట కష్టము. సోదరీమణులారా! బీరువాలో మడచియుంచిన దస్తావేజును ఒకమారు తీసి, సర్వేనెంబరును, నాలుగుప్రక్కల హద్దులను చదువుడు. పిదప పిల్లలను వెంటబెట్టుకొనిపోయి, ఆ హద్దులవెంట ఒకమారు నడచిరండు.