రివర్స్‌ కొట్టినవా బావా?

స్లాబ్‌ వేసే రోజు ఇంటివాళ్లకు పండగ. పొద్దున్నే కొబ్బరికాయ కొడతారు. మిషన్‌కు పసుపూ కుంకుమా పెడతారు. అందరికీ మిఠాయిలు పంచుతారు. నాకు మాత్రం ఆ రోజు పరీక్షే. ఎందుకంటే ఆ మిషన్‌ నడిపేది నేను... కాంక్రీట్‌ పంపు ఆపరేటర్ని.

మాది జగిత్యాల దగ్గర ఓ పల్లె. నా చిన్నప్పుడు మా దగ్గర స్లాబ్‌ అంటే నలభై మంది కూలీలు. మిల్లర్‌ దగ్గర్నుంచి పైకప్పు దాకా వరసగా నిలబడి తట్టలు అందించుకునేవారు. మా అమ్మ కూడా ఆ వరసలో ఉండేది. రాత్రయ్యేసరికి మెడ తిప్పలేకపోయేది. 2005లో దుబాయ్‌ వెళ్లినప్పుడు మొదటిసారి కాంక్రీట్‌ పంపును చూశాను. హెల్పర్‌గా చేరి, పని నేర్చుకున్నాను. ఇప్పటి బుర్జ్‌ ఖలీఫా కడుతున్నప్పుడు, 2008లో 606 మీటర్ల ఎత్తుకు పంపుతోనే కాంక్రీట్‌ ఎక్కించారని మా క్యాంపంతా గొప్పగా చెప్పుకున్నాం. నాకైతే అమ్మ మెడ గుర్తొచ్చింది.

2009లో తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఆపరేటర్‌గా చేరాను. చూడ్డానికి ఈ పని తేలికే. లారీ మీద తిరిగే డ్రమ్ములోంచి కాంక్రీట్‌ వచ్చి హాపర్‌లో పడుతుంది. లోపల రెండు సిలిండర్లు. ఒకటి కాంక్రీట్‌ను లాక్కుంటుంటే రెండోది పైపులోకి తోస్తుంది. ఆ చప్పుడు తేడాను బట్టే ఆపరేటర్‌కు సగం సంగతి తెలిసిపోతుంది.

అసలు కష్టమంతా పైపును జామ్‌ కాకుండా చూసుకోవడంలోనే ఉంది. పొడి పైపులోకి నేరుగా కాంక్రీట్‌ తోస్తే అందులోని సిమెంటు పాలు గోడలకు అంటుకుపోతాయి. ఉత్త కంకర మిగిలి బిగుసుకుంటుంది. అందుకే ముందు చిక్కటి సిమెంటు పాలు పంపి పైపు తడపాలి... దోసె వేసేముందు పెనానికి నూనె రాసినట్టు. ఆ పాలను స్లాబ్‌లో పోయకుండా బయట పారబోయాలి. కాంక్రీట్‌ గట్టిగా ఉందని ఎవరైనా డ్రమ్ములో బకెట్లతో నీళ్లు పోయబోతే ఆపాలి. నీళ్లెక్కువైతే స్లాబ్‌ బలం తగ్గుతుంది. కంకర విడిపోయి పైపు కూడా తొందరగా జామవుతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. అయినా తప్పు చేశాను.

అది 2012 జూన్‌. ఇంటర్‌ తప్పి ఖాళీగా ఉన్న మా బామ్మర్దిని పనిలోకి తెచ్చుకున్నాను. పందొమ్మిదేళ్లవాడు. చురుకైనవాడు. ఆ రోజు మూడో అంతస్తు స్లాబ్‌. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. కింద రెండు లారీలు ఎదురుచూస్తున్నాయి. నీళ్లు కలిపాక రెండు గంటల్లోపు కాంక్రీట్‌ స్లాబ్‌లో పడాలి. ఇంజినీరు పైనుంచి ఒకటే కేకలు. ఇంతలో గేజీ ముల్లు పైకి లేచింది. పైపు అదిరింది. జామ్‌!

అలాంటప్పుడు వెంటనే ఆపి, పంపును రివర్స్‌లో నాలుగైదు స్ట్రోకులు కొట్టాలి. పైపులో బిగిసిన కాంక్రీట్‌ వెనక్కి వస్తుంది, ఒత్తిడి దిగుతుంది. నేనేం చేశానో తెలుసా? తోస్తే పోతుందిలే అనుకుని ఇంకో రెండు స్ట్రోకులు ముందుకే కొట్టాను. అది మరింత బిగిసింది. మిషన్‌ ఆపేశాను. గేజీ ముల్లు కిందికి జారింది. నేను మోసపోయిందక్కడే. గేజీ చూపించేది మిషన్‌లోని ఆయిల్‌ ఒత్తిడి. పైపులో ఇరుక్కున్న ఒత్తిడి అలాగే ఉంది.

బామ్మర్ది సుత్తితో పైపును కొట్టుకుంటూ వెళ్లాడు. ఖాళీగా ఉన్నచోట ఖంగుమంటుంది, జామైనచోట మొద్దుగా వినిపిస్తుంది. వంపు దగ్గర ఆగి అరిచాడు.

‘‘బావా, ఈడనే ఉంది. క్లాంపు ఇప్పాల్నా?’’

‘‘ఇప్పురా, జల్ది!’’

ఆ మాట అన్నది నేనే.

క్లాంపు లివర్‌ ఇలా లేచిందో లేదో... తుపాకీ పేలినట్టు చప్పుడు. మామూలు పంపులోనూ కాంక్రీట్‌ మీద ఒత్తిడి 60, 70 బార్ల దాకా పోతుంది. కారు టైరులోని గాలికి అది ముప్ఫై రెట్లు. కంకర ముక్కలు వాడి ముఖం మీద పడ్డాయి. ఎడమ కన్ను పోయింది.

ఆసుపత్రి వరండాలో నా భార్య ఒకే ఒక్క మాట అడిగింది... ‘‘నువ్వు చెప్తెనే ఇప్పిండా?’’

అవునన్నాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఆర్నెల్లు పంపు ముట్టుకోలేదు. మళ్లీ మొదలుపెట్టాక నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. పని మొదలయ్యే ముందు ప్రతి క్లాంపునూ, దాని పిన్నునూ నేనే తడిమి చూస్తాను. జామైతే రివర్స్‌ కొట్టనిదే ఎవర్నీ పైపు దగ్గరికి పోనివ్వను. ఆ తర్వాత కూడా కళ్లద్దాలు పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, నెమ్మదిగా నేనే విప్పుతాను. పంపు తిరిగి మొదలెట్టేటప్పుడు హోస్‌ దగ్గర ఎవర్నీ ఉండనివ్వను. పైపులో చిక్కిన గాలి ఒక్కసారిగా బయటికొస్తే హోస్‌ కొరడాలా కొడుతుంది. ఇంజిన్‌ తిరుగుతుండగా హాపర్‌ జల్లెడ తీయనివ్వను. సాయంత్రం స్పాంజి బంతితో పైపు కడిగేటప్పుడు దాని మూతికి ఎదురుగా పురుగును కూడా నిలబడనివ్వను.

ఇల్లు కట్టుకుంటున్నవారికి నాదొక మనవి. మీ స్లాబ్‌ రోజున పంపు ఆగితే ఆపరేటర్‌ మీద కేకలేయకండి. ఓ పది నిమిషాలు ఇవ్వండి. పిల్లల్ని పైపు దరిదాపుల్లోకి రానివ్వకండి. మూడు మీటర్ల అయిదంగుళాల పైపులో దాదాపు 90 కిలోల కాంక్రీట్‌ ఉంటుంది. పైపు బరువు వేరే. అది ఊడిపడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

బామ్మర్ది ఏమయ్యాడంటారా? ఊరెళ్లి ఏడాది ఉన్నాడు. ఓ రోజు బ్యాగుతో మా గుమ్మంలోకొచ్చి, ‘‘పనికొస్త బావా’’ అన్నాడు. వద్దన్నాను. మా ఆవిడే ‘‘రానీ’’ అంది. ఇప్పుడు నా పంపుకు పైనుంచి సైగలు చేసేది వాడే. స్లాబ్‌ మీద వాడు తప్ప ఇంకెవరు చెయ్యి ఊపినా నేను మిషన్‌ కదపను.

మొన్నొకసారి పైపు జామైంది. కొత్త కుర్రాడొకడు రాడ్డు పట్టుకుని క్లాంపు దగ్గరికి ఉరికాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపి, పైనుంచి బామ్మర్ది గట్టిగా అడిగాడు.

‘‘బావా... రివర్స్‌ కొట్టినవా?’’

అడిగిన ప్రతిసారీ నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

‘‘కొట్టినరా. నాలుగు సార్లు.’’