నవదంపతుల సముద్రయాత్ర

పెండ్లియైన పిమ్మట వధూవరు లిరువురే దూరదేశమునకు పోయి కొన్ని దినములు గడపి వచ్చు ఆచారము మన పూర్వులకు లేదు. మనుగుడుపులు, పదునాఱు దినముల పండుగ, సత్యనారాయణ వ్రతము, వీనితోనే కొత్తజంటకు దినములు నిండుచుండెడివి. ఇప్పు డట్లు కాదు. మా తిమ్మాజిపేటలో గూడ శుభలేఖలు పంచుచుండగనే "హనీమూను ఎక్కడికి?" అని యడుగువారున్నారు. ఆచారము కొత్తదైనంత మాత్రమున దోషము లేదు. దంపతులు ఒకరి నొకరు తెలిసికొనుటకు ప్రయాణమును మించిన సాధనము లేదని మా యభిప్రాయము. ఎక్కడికి పోవలెను, ఏమి చూడవలెను, ఎవరి సొమ్ముతో పోవలెను అనునవి మాత్రము ముందుగా ఆలోచింపదగిన విషయములు. ఇటీవల మా యింట జరిగిన యట్టి యాలోచనను సోదరీమణుల ముందుంచుచున్నాము.

మా ప్రక్క యింటనే పెరిగి, మా వారియొద్ద చదువుకొని, ఇప్పుడు హైదరాబాదులో నర్సుగా నున్న యొక పిల్లకు శ్రావణమాసమున వివాహమైనది. వరుడును అక్కడనే యుద్యోగి. దంపతులు మారిషస్ దీవికి పోవ సంకల్పించి, ఒక యాత్రాసంస్థవారి పట్టికను మాకు చూపవచ్చిరి. పది దినములు. సముద్రపుటొడ్డున హోటలు, పడవ విహారము, మఱియొక చిన్న దీవిలో భోజనము, చామరెల్ అను చోట ఏడు రంగుల మన్ను, ఒక జలపాతము, తక్కినదంతయు దుకాణములు. సొమ్ము ఇప్పుడు కట్టనక్కఱలేదట. రెండేండ్లపాటు నెలనెల కిస్తులుగా చెల్లింపవచ్చునట. పిల్ల ముఖమునందలి వెలుగును చూచి మాకును సంతోషమే కలిగినది.

వెంట వచ్చిన ఆమె అవ్వ మాత్రము కిస్తుల మాట వినగానే తలయెత్తినది. "అంటే బయానా తీస్కొని పోతున్నరు గదా బిడ్డా!" అన్నది. పిల్ల నవ్వినది. అవ్వ నవ్వలేదు. "నేను గూడ పెండ్లయిన నెలకే మీ తాత ఎంబడి బొంబాయి పోయిన. పెండ్లి అప్పు తీరాలని మేస్త్రీ తాన బయానా తీస్కుంటిమి. మూడేండ్లు ఇటుకలు మోసినం. బొంబాయిల సముద్రం ఉంటదన్నరు. నేను చూడలే" అని ఊరకున్నది. ఆ మాటతో మా యింట కొంతసే పెవ్వరును పలుకలేదు.

పాలమూరు సీమలో పుట్టినవారికి ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు. వానలు మోసగించిన యేట ఇండ్లకు తాళములు వేసి, చంటిబిడ్డలతో జనము బయలుదేరుట ఇక్కడి పాతకథ. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను, మేడ లేపినను పాలమూరు కూలీలు కనబడెడివారు. ముందుగా చేతిలో పెట్టిన బయానాయే వారి కాలికి సంకెల. అది తీఱువఱకు మేస్త్రీ చెప్పినదే మాట. అట్టి యింటినుండి పని కొఱకు గాక ప్రీతి కొఱకు సముద్రము దాటనున్న మొదటి యాడుబిడ్డ ఈమె. ఆ ప్రయాణమును గూడ అప్పుతోనే ఆరంభింపవలెనా అనునది అవ్వ ప్రశ్న.

ఆ రాత్రి మా వారు బడినుండి భూగోళపు నమూనాను తెచ్చి ఆ దీవిని వెదకిరి. ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రములో ఆవగింజంత చుక్క. దాని వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా మన నాగర్‌కర్నూలు జిల్లాలో మూడవ వంతునకు లోబడినదే. ఇంత చిన్న చోటికి మన దేశపు కూలీలు లక్షల సంఖ్యలో పోయిరన్న నమ్మశక్యము కాదు. 1835లో ఆ దీవిలో బానిసత్వము రద్దయినది. చెఱకు తోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2న కలకత్తానుండి 'అట్లాస్' అను ఓడలో 36 మంది దిగిరి. అది మొదలు 1920 ప్రాంతము వఱకు నాలుగున్నర లక్షలకు పైగా జనమును ఒడంబడికల మీద తీసికొనిపోయిరి. మొదట మగకూలికి నెలకు 5 రూపాయలు. గడువు 5 ఏండ్లు. ఒకదినము పనికి రానిచో రెండు దినముల కూలి కోసెడివారు. ప్రాంతము వేఱు, దొర వేఱు. ముందు ఒప్పుకొని పిమ్మట బందీయగుట మాత్రము అవ్వ చెప్పినదే.

వారిలో మన తెలుగువారును గలరు. వారు గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములవారు. కోరంగి రేవు పేరిట కోరంగివారని పిలువబడిరి. వారి సంతతి నేడును ఆ దీవిలో నున్నది. ఉగాది అక్కడ ప్రభుత్వపు సెలవుదినము. సింహాద్రి అప్పన్నను కొలుతురు, అమ్మోరు పండుగ చేయుదురు, రామభజనలు పాడుదురు. ఇంట క్రెయోలు భాష మాటలాడు పిల్లలు బడిలో తెలుగక్షరములు దిద్దుదురు. ఆంధ్ర మహాసభ 1947లో అక్కడ నెలకొన్నది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడనే జరిగినవి. తీరమందలి ఇసుకను మాత్రమే చూచి తిరిగివచ్చువారికి ఇది యేదియు కనబడదు.

మఱునాడు మే మీ సంగతులు చెప్పగా వరుడు, "అమ్మా, శుభమా అని పోవుచు దుఃఖస్థలములు చూడవలెనా?" అని యడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మాకు బాల్యమున తండ్రిగారు చెప్పిన రఘువంశ పాఠము జ్ఞప్తికి వచ్చినది. పదమూడవ సర్గలో రాముడు సీతతో పుష్పకమున నింటికి తిరిగి పోవుచు క్రింద చూపునవి యేవి? సముద్రపు శోభను చూపును; దానితోపాటు ఆమెకొఱకు తాను విలపించిన చోటులను గూడ చూపును. సుఖమున నున్న దంపతులు ప్రక్కప్రక్కన కూర్చుండి గతించిన దుఃఖమును చూచుట అమంగళము కాదు. ఆ కష్టమును దాటివచ్చితిమన్న ధైర్యమును, ఒకరిపై నొకరికి గౌరవమును దానివలన కలుగును. వరుడు ఒప్పుకొనెను. పిల్ల యంతకు ముందే యొప్పుకొన్నది.

అంతట పట్టిక మార్చితిమి. కిస్తులు మానివేసి, చేతనున్న సొమ్ముతో ఎన్ని దినములు వచ్చునో చూడగా ఏడు తేలినవి. అక్టోబరు చివర బయలుదేరి నవంబరు 2 నాటికి అక్కడ నుండునట్లు నిర్ణయించితిమి. ఆ దినము వలసకూలీల రాకకు గుర్తుగా దేశమంతట సెలవు. కాలమును అనుకూలమే. అక్కడ జూన్, జూలై నెలలు చలికాలము. తుపానులు జనవరి మొదలు మార్చి వఱకు హెచ్చు. అక్టోబరునాటికి ఎండ మెత్తగా నుండును, చెఱకు కోతలును సాగుచుండును.

మొదటి రెండు దినములు సముద్రమునకే విడిచితిమి. కొత్తదంపతులకు తీరికయు కావలయును గదా. మూడవనాడు రాజధానియగు పోర్ట్ లూయీ నగరము. అక్కడ రేవున ఆప్రవాసి ఘాట్ కలదు. కూలీలను ఓడనుండి దింపి ఉంచుటకు 1849లో కట్టిన తావు. 2006లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గ్రహించిరి. దిగినవారెల్లరు ఎక్కిన పదునాఱు రాతిమెట్లు నేటికి నున్నవి. ప్రక్కనే ప్రదర్శనశాల. అది చూచి బజారులో పప్పుపూరీ తినవచ్చును. దానిని అక్కడ 'ధోల్ పురి' యందురు. బీహారు కూలీలు తెచ్చిన వంటకమే నేడు దీవియంతటికి ఇష్టమైన ఫలహార మైనది.

నాలుగవనాడు పాంపుల్‌ముస్ తోట, పెద్ద తాంబాళములవంటి ఆకులు గల నీటితామరలు. దాని చేరువనే మూతబడిన చెఱకు మిల్లులో నెలకొల్పిన చక్కెర ప్రదర్శనశాల. అయిదవనాడు నైరుతి మూలనున్న ల మోర్న్ కొండ. పాఱిపోయిన బానిసలు దాగిన తావు. 2008లో అదియు ప్రపంచ వారసత్వ స్థలమైనది. ఏడు రంగుల మన్ను ఆ దిక్కుననే గాన దానిని గూడ చూడవచ్చును. ప్రసిద్ధమైనంత మాత్రమున దానిపై మాకు కోపము లేదు. ఆఱవనాడు మోకా అను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థ. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికానుండి వచ్చుచు ఆ దీవిలో దిగియుండిరి. ఆ సంస్థలో వలసకూలీల దస్తరములు, వారి ఛాయాచిత్రములు భద్రపఱచియున్నవి. పోవుటకు ముందుగానే వ్రాసి సమయము కనుగొనవలెను. ఆ సాయంకాలము ఒక తెలుగు కోవెల. ఏడవనాడు తిరుగు ప్రయాణము. ఆ విమానాశ్రయమునకు సర్ శివసాగర్ రామ్‌గులాం పేరు పెట్టిరి. ఆయన 1968లో స్వతంత్రమైన మారిషస్‌కు ప్రధానమంత్రి. ఆయన తండ్రి బీహారునుండి పోయిన వలసకూలి.

ఇక ప్రయాణపు జాగ్రత్తలు. మన దేశీయులు యాత్రకై పోవునెడల ముందుగా వీసా పొందనక్కఱలేదు. అక్కడ దిగినపుడే యిత్తురు. అయినను తిరుగు టిక్కెట్టు, బస కుదిరినట్లు పత్రము, వ్యయమునకు సొమ్ము చూపవలెను. ఈ విషయమున మన మనుచరిత్రలోని ప్రవరుని తలచుకొనవలెను. పాదలేపము పూసికొని హిమాలయమునకు పోయినవాడు తిరిగివచ్చుటెట్లని యోచింపలేదు. మంచునీట లేపము కరిగినది, పడరాని పాట్లు పడెను. ఇల్లాలిని వెంట తీసికొనిపోకుండుట ఆయన చేసిన రెండవ పొరపాటు! పెండ్లితో ఇంటిపేరు మార్చుకొనదలచిన వధువు తొందరపడరాదు; పాస్‌పోర్టులో నున్న పేరే టిక్కెట్టుపై నుండవలెను. మొక్కలు, విత్తనములు, పచ్చిఫలములు అనుమతి లేక కొనిపోరాదు. అక్కడి నాణెమును రూపాయియే, కాని విలువ వేఱు. గడియారమును గంటన్నర వెనుకకు త్రిప్పుకొనవలెను.

దారి యిట్లు కుదిరినది. తిమ్మాజిపేటలో పెద్దల దీవెనలు గైకొని, జడ్చర్ల మీదుగా శంషాబాదు, అక్కడనుండి ముంబయి, ముంబయినుండి ఆఱేడు గంటల విమానము. వెనుకటి ఓడలకు వారములు పట్టిన దూరము. ముంబయి పేరు వినగానే అవ్వ మరల తలయెత్తినది. "ఆ మెట్లకాడ చెప్పులిడువుండ్రి బిడ్డా" అని మాత్రము చెప్పినది.

పిల్ల వెంటనే బదులు చెప్పలేదు. మఱునాటి యుదయము మా యింటికి వచ్చి, సెలవు పది దినములకు పెట్టితిమి, యాత్ర కేడే చాలును గదా, మిగిలిన మూడింటిలో అవ్వను బాపట్ల దగ్గఱి సూర్యలంకకు తీసికొనిపోయి సముద్రము చూపుదుమని చెప్పినది. ఆమె పెనిమిటియు సరేయన్నాడట. రైలు టిక్కెట్లు మూడు అప్పటికే తీసికొనిరి. అవ్వకు క్రింది బెర్తు దొరకినది.